కూసొని చేసే పని

“కూసొని చేసే పని ఏదన్న ఉంటె చూడు భాయ్, పిలగాడు తెలివైనోడే” అన్నాడు నాయిన.

1979 జూన్, హైదరాబాదు. గన్‌ఫౌండ్రీలో ఒక సందు. సందు చివర రేకుల షెడ్డు, లోపల బల్ల మీద పొట్ట విప్పి పెట్టిన రెమింగ్టన్ టైపు మెషీను. దాని మీదికి వంగి ఉన్న మనిషి తలెత్తి నాయిన్ని చూశాడు, నన్ను చూశాడు, తర్వాత నా చచ్చుబడ్డ ఎడమ కాలికి ఊతగా కట్టిన కేలిపర్‌ని చూశాడు. అప్పట్లో ప్యాంటు మీదుగానే కట్టుకునేవాణ్ణి. చాలాసేపు చూశాడు. జనం మామూలుగా చూసే చూపు కాదది. ఇనుప కడ్డీలకు రివెట్లు ఎక్కడ కొట్టారు, తోలు పట్టీ ఏ బకిలుతో బిగించారు, మోకాలి దగ్గర రింగు ఎట్లా జారుతోంది, ఇవీ ఆయన చూస్తున్నవి. లేచి వచ్చి, వంగి, ఆ రింగుని వేలితో పైకి లేపి వదిలాడు. టక్కుమంది.

“తేల్ డాల్తే క్యా ఇస్కో?” అన్నాడు.

దీనికి నూనె వేస్తావా అని. పద్దెనిమిదేళ్ళ నా బతుకులో ఆ కేలిపర్ గురించి ఎవరైనా అడిగిన మొదటి తెలివైన ప్రశ్న. లేదన్నాను. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు తనే వేశాడు. పనిలో చేరిపోయినట్టే.

నాయిన ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఆ ఆఫీసుకి మెషీన్లు బాగుచేయడానికి వచ్చే ఈ ఉస్తాద్‌ని చూసి, కొడుక్కి పనికొచ్చే పని ఇదేనని మనసులో అనుకున్నాడట. ఆయన ఎప్పుడు చూసినా ఉస్తాద్ కూర్చునే ఉండేవాడు మరి. అక్కడిదాకా ఎట్లా వచ్చాడు, ఎన్ని మెట్లెక్కి వచ్చాడు అన్నది నాయినకు తట్టలేదు. ఉస్తాద్ మాత్రం దాచలేదు. “యే బైఠ్‌కే కర్నేకా కామ్ నై హై భాయ్, ఫిర్‌ఫిర్‌కే కర్నేకా హై” అని ఆ రోజే చెప్పాడు. కూర్చుని చేసే పని కాదు, తిరిగి తిరిగి చేసేది అని. నాయినకు ఉర్దూ బాగానే వచ్చు. ఆ ఒక్క ముక్కే వినబడనట్టు ఊరుకున్నాడు.

నాకు పోలియో వచ్చింది రెండో ఏట, భువనగిరి పక్కన మా ఊళ్ళో. జ్వరమొచ్చింది, సూది వేయించారు, తెల్లారేసరికి ఎడమ కాలు వాలిపోయింది. మా తరం పోలియో వాళ్ళ ఇళ్ళల్లో తరచూ వినబడే కథే ఇది. ఆ జ్వరంలో కండకి సూది పడితే చచ్చుబడటం ఎక్కువయ్యే ప్రమాదం ఉందని పెద్దయ్యాక చదివాను. అమ్మ మాత్రం ఆ సూది వేసినాయన్ని ఒక్క మాట అనలేదు. ఎత్తుకుపోయింది తనే కాబట్టి తిట్లన్నీ తనకే పెట్టుకునేది. సర్కారు టీకాల్లో పోలియో చుక్కలు చేరింది 1979లోనట. నేను గన్‌ఫౌండ్రీ సందులో కాలు పెట్టిన ఏడు. ఇంకో పదహారేళ్ళు ముందొచ్చుంటే నేను మెషీన్ల జోలికే పోకపోదునేమో, ఊళ్ళో నాగలి పట్టుకుందును.

షాపులో పదిహేను రోజులు బ్రష్షుతో మెషీన్లు కడిగించాడు ఉస్తాద్. పాత టూత్ బ్రష్షు, గిన్నెలో పెట్రోలు. టైపు కడ్డీలన్నీ అర్ధచంద్రంలా ఒక పళ్ళచట్రంలో కూర్చుంటాయి, దాన్ని సెగ్మెంట్ అంటారు. టైపిస్టులు తప్పు కొట్టి రబ్బరుతో రుద్దిన పొట్టంతా ఆ పళ్ళ సందుల్లోకే పోతుంది. దానికి నూనె తగిలితే ముద్ద, వానాకాలం చెమ్మ తగిలితే బంక. కొట్టిన అక్షరం పైకి పోయి అక్కడే నిలబడిపోతుంది. అందుకే సెగ్మెంటులో నూనె చుక్క పడిందంటే ఉస్తాద్ చెయ్యి లేచేది. నూనె ఎక్కడ వెయ్యాలో నేర్చుకోవడానికి వారం, ఎక్కడ వెయ్యకూడదో నేర్చుకోవడానికి ఏడాది.

పదహారో రోజు సంచి చేతికిచ్చి అబిడ్స్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుకి పొమ్మన్నాడు. మూడో అంతస్తు.

పంజాగుట్టలో ఇప్పటి నిమ్స్‌ని అప్పట్లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి అనేవాళ్ళం. నాకు కేలిపర్ కట్టి మెట్లెక్కడం నేర్పింది అక్కడే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. ఇంతే సూత్రం. కానీ అక్కడ నేర్పేది నాలుగు చెక్క మెట్ల మీద, రెండు వైపులా పట్టుకోవడానికి గొట్టాలున్న చోట, చేతిలో ఏమీ లేకుండా. అబిడ్స్ ఆఫీసులో నా వీపున నాలుగు కిలోల సంచి, ఒక చంకలో కర్ర. మెట్టు మీద వంగగానే సంచి ముందుకి ఊగి ఛాతీకి కొట్టుకునేది. రెండో మలుపు దగ్గర కరెంటు పోయింది. చీకట్లో మెట్టు మీద కూర్చుండిపోయాను, గంట సేపు. పైకి పోయేవాళ్ళు, కిందికి వచ్చేవాళ్ళు నా మీదుగా దాటుకుంటూ పోయారు. ఒకాయన పది పైసలు వేసి పోయాడు.

మర్నాడు కోఠిలో అరవై పేజీల నోటుబుక్కు కొన్నాను. దాంట్లో నా మొదటి రాత: “అబిడ్స్ ఇన్సూరెన్స్ – 46 మెట్లు. రెయిలింగ్ కుడి పక్క. రెండో మలుపు చీకటి.” సంచికి నడుం దగ్గర ఒక తాడు కూడా కుట్టించాను, ఊగకుండా.

అక్కణ్ణించి పోయిన ప్రతి చోటా రాశాను. మిగతా మెకానిక్కులు పార్టీ పేరు, మెషీను నంబరు, రావలసిన పైసలు రాసుకునేవాళ్ళు. నా పుస్తకంలో వాటితో పాటు మెట్లు. “బ్యాంక్ స్ట్రీట్ ఆడిటర్ – 31, రెయిలింగ్ లేదు, కిటికీ చువ్వలు పట్టుకోవచ్చు.” “నాంపల్లి గోడౌన్ – 4, కానీ ఒక్కోటి అడుగున్నర.” “బషీర్‌బాగ్ – లిఫ్టు ఉంది. నడవదు. 58.” “హిమాయత్‌నగర్ వకీలు – 2. బంగారం.” రెయిలింగ్ ఏ పక్కనన్నది ఊరికే రాసుకున్న సంగతి కాదు. ఎక్కేటప్పుడు కుడిచేతికి అందితే దిగేటప్పుడు అదే ఎడమచేతికి వస్తుంది, కర్ర చేయి మార్చాలి, సంచి బరువు కూడా మార్చి వేసుకోవాలి. పైకి పోయే ముందే కిందికి వచ్చే లెక్క వేసుకోవాలి. ఉస్తాద్ ఒకరోజు ఆ పుస్తకం తిరగేసి చూసి, “అరే మున్షీ!” అన్నాడు. లెక్కలు రాసే గుమాస్తా అని. ఆ తర్వాత ఆయన నోట నా అసలు పేరు వినలేదు.

రాసుకోని లెక్కలు ఇంకొన్ని ఉండేవి. పొద్దున ఇంట్లో చాయ్ తాగితే మళ్ళీ సాయంత్రం దాకా నీళ్ళు ముట్టేవాణ్ణి కాదు. ఏ ఆఫీసు మరుగుదొడ్డిలోనైనా కింద కూర్చునేదే ఉండేది, కేలిపర్‌తో కింద కూర్చోవడం కుదరదు. హైదరాబాదు మే నెల ఎండలో, నాలుక పిడచకట్టుకుపోయి, ఎదురుగా అటెండరు కుండలో చల్లటి నీళ్ళు తెచ్చి “తాగన్నా” అంటే “ఇప్పుడే తాగిన” అనడం నాకు బాగా అలవాటు. ఇళ్ళకి పోతే ఇంకో తంటా. “చెప్పులు బయట విప్పండి” అనేవారు. నా బూటు కేలిపర్‌కి బిగించి ఉంటుంది, అది విప్పడమంటే కాలు మొత్తం విప్పడమే. సంచిలో పాత గుడ్డ పెట్టుకుని గుమ్మం దగ్గర బూటు అడుగు తుడిచి చూపించేవాణ్ణి. కొందరు నొచ్చుకుని లోపలికి రమ్మనేవారు. కొందరు మెషీనే గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు. రెండో రకం వాళ్ళే నయమని నాకెప్పుడూ అనిపించేది, పని తొందరగా అయ్యేది.

ప్యాంట్లు కూడా. ఎడమ కాలు వైపు ఇనుము రాసుకుని ఆర్నెల్లకే చిల్లు. మా గల్లీ దర్జీ ఒక్క ఎడమ కాలికే లోపల రెండో పొర వేసి కుట్టేవాడు, దానికి పైసలు తీసుకునేవాడు కాదు. దుకాణం ముందు నుంచి నేను పోతుంటే మాత్రం తల తిప్పి ఆ కాలునే చూసేవాడు, తన కుట్టు ఆగిందా లేదా అని.

ఒకసారి పడ్డాను. చాలాసార్లు పడ్డాను కానీ ఇది చెప్పాల్సింది. ఒక పెద్ద ఆఫీసు, పొద్దున్నే ఫినాయిల్‌తో తుడిచిన మొజాయిక్ నేల, నా కర్ర కింద అరిగిపోయిన రబ్బరు బుష్షు. బుష్షు మార్చాలని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను, తప్పు నాదే. వెల్లకిలా పడ్డాను. సంచి నోరు తెరుచుకుని స్క్రూలు, స్ప్రింగులు, చిన్న చిన్న క్లిప్పులు హాలంతా దొర్లిపోయాయి. లోపల్నుంచి ఒక ఆఫీసరు వచ్చి చూసి, “మంచిగున్నోళ్ళెవరూ లేరా మీ షాపులో?” అన్నాడు. నన్ను కాదు, నా పక్కన నిలబడి ఉన్న అటెండర్ని అడిగాడు.

మోచెయ్యి చీరుకుపోయి షాపుకి తిరిగొచ్చాను. ఉస్తాద్ గాయం చూశాడు, పసుపు రాయమని కుర్రాణ్ణి పురమాయించాడు, ఆ తర్వాత సంచి తెరిచి స్క్రూలు లెక్కబెట్టాడు. మూడు తక్కువయ్యాయి. “తూ గిరే తో ఉఠ్ జాతా. స్క్రూ గిరే తో మిల్తా క్యా?” అని తిట్టాడు. నువ్వు పడితే లేస్తావు, స్క్రూ పడితే దొరుకుతుందా అని. ఆ సాయంత్రం సంచికి జిప్పు వేయించాడు, వారం తర్వాత మళ్ళీ నన్నే ఆ ఆఫీసుకి పంపాడు. పోనని మొండికేశాను. కొత్త బుష్షు చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు. పోయాను. ఆ అటెండరు బకెట్టూ బట్టా పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నాడు. “నువ్వు ఎల్లినంక తుడుస్త తీ” అన్నాడు. ఆ తర్వాత పదేళ్ళు ఆ ఆఫీసుకి పోయాను. నేను పోయిన రోజున ఆ నేల పదకొండు దాటాకే తడిసేది.

తెలుగు మెషీన్ల సంగతి చెప్పకపోతే నా పని సగమే చెప్పినట్టు. అధికార భాషా చట్టం 1966లో వచ్చింది కదా, ఆఫీసుల్లో తెలుగు మెషీన్లు కొన్నారు. నేను చూసినంతలో వాడింది తక్కువ, గుడ్డ కప్పి ఉంచింది ఎక్కువ. తెలుగు మెషీనులో కొన్ని మీటలు కొడితే క్యారేజి కదలకూడదు, గుర్తు పడాలి గానీ బండి అక్కడే నిలబడాలి. వాటిని డెడ్ కీ అనేవాళ్ళం. ఇంగ్లీషు మెషీన్లే తెలిసిన మెకానిక్ ఎవడైనా వాటిని ‘బాగు’ చేశాడో, అవీ కదలడం మొదలుపెట్టేవి, అక్షరానికి తగలాల్సిన గుర్తు పోయి పక్క ఖాళీలో పడేది. ఉత్తరమంతా పళ్ళూడిన నోటితో మాట్లాడినట్టు ఉండేది. నేను ఆ డెడ్ కీలలో చెయ్యి తిరిగినవాణ్ణని పేరు పడింది. మా ఆవిడ నా ఎడమ కాలుని ఇప్పటికీ డెడ్ కీ అనే అంటుంది. కొట్టుకుంటుంది, జరగదు.

ఆవిడ కథ కూడా మెట్లతోనే. నారాయణగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్. 22, రెయిలింగ్ ఎడమ పక్క. పద్నాలుగు మెషీన్లు, పొద్దున ఆరింటి నుంచి బ్యాచులు, లోయరూ హయ్యరూ పరీక్షల ముందు నెల వీధి చివరికి వినబడేది ఆ చప్పుడు. ఆవిడ అక్కడ నేర్పేది. పిల్లలు కూర్చునే స్టూళ్ళు పొట్టివి. నేను వాటి మీద కూర్చోవాలంటే రింగులు లేపి మోకాలు వంచాలి, లేవాలంటే బల్ల పట్టుకుని వేలాడాలి. మొదటిసారి ఆ తతంగమంతా ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. రెండోసారి పోయేసరికి మెషీను పక్కన ఎత్తు స్టూలు ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, “అది ఇక్కడిదేనండీ” అంది. ఇక్కడిది కాదు. కింద చాయ్ హోటల్లో గల్లా దగ్గరి స్టూలు, ప్రతి నెలా అడిగి తెప్పించేదట. ఆ ఏడాది ఆ ఇన్‌స్టిట్యూట్ మెషీన్లకి రోగాలు ఎక్కువొచ్చాయి.

పెళ్ళిమాటలప్పుడు వాళ్ళ నాన్న, “అబ్బాయి ఏం పని చేస్తాడు?” అని అడిగితే, మా నాయిన వెంటనే, “కూసొని చేసే పని” అన్నాడు. నేను ఆ రోజు పొద్దున్నే 58 మెట్లెక్కి దిగి వచ్చాను. ఆవిడ తలుపు పక్కన నిలబడి నవ్వు ఆపుకోవడం నాకు కనబడుతూనే ఉంది. 1986లో పెళ్ళయింది. మలక్‌పేటలో కింది పోర్షన్ కోసం మూడు నెలలు తిరిగాం. పై పోర్షన్లు చవక, కానీ రోజంతా ఎక్కినవాణ్ణి ఇంటికొచ్చి కూడా ఎక్కమంటే ఎట్లా.

ఒక వెనకటి ముచ్చట మర్చిపోయాను. 1981ని ప్రపంచమంతా వికలాంగుల సంవత్సరంగా జరిపారు. ఆ ఏడు ఎక్కడ చూసినా సభలే. ఎవరో నా పేరు రాసి పంపారు, సన్మానానికి పిలుపొచ్చింది. స్టేజీకి తొమ్మిది మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరు వాలంటీర్లు నన్ను ఉత్సవ విగ్రహంలా కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టారు. శాలువా కప్పారు, స్టీలు గిన్నె ఇచ్చారు, ఎవరి మీదా ఆధారపడని యువకుడని మైకులో పొగిడారు. సభ అయిపోయింది. ఎత్తినవాళ్ళు భోజనాలకి పోయారు. నేను శాలువా నడుముకి కట్టుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ జారుకుంటూ కిందికి దిగాను. నాయిన కోరిక ఆ ఒక్క రోజే తీరింది, కూర్చునే చేశాను పని. గిన్నె మా ఇంట్లో ఇంకా ఉంది, పెరుగు తోడు వేస్తాం.

పదేళ్ళు బస్సుల్లోనే తిరిగాను. సిటీ బస్సు ఫుట్‌బోర్డు ఎంత ఎత్తో మామూలు కాళ్ళ వాళ్ళకి తెలియదు. “ఆగాగు, దిగుతున్నడు” అని కండక్టరు డ్రైవరుకి అరిస్తే బస్సంతా నన్నే చూసేది. 1989లో సెకండ్ హ్యాండ్ కైనెటిక్ హోండా కొన్నాను. ఆ బండి మార్కెట్లోకి వచ్చింది 1984లో. మాలాంటి వాళ్ళకి అది దేవుడిచ్చిన బండి, గేర్లు లేవు, కిక్కు కొట్టే పని లేదు, బటన్ నొక్కితే స్టార్టు. రాణిగంజ్‌లో ఒక వెల్డరు వెనక రెండు పక్కలా చక్రాలు బిగించి ఇచ్చాడు.

అది ఎక్కి మొదటిసారి ట్యాంక్‌బండ్ మీద పోయిన సాయంత్రం గురించి రాయమంటే రాయలేను. ముప్పై దగ్గరపడుతున్న వయసు దాకా నా ఒంటికి వేగమంటే ఏమిటో తెలియదు, అంతే చెప్పగలను. పక్క చక్రాల బండికి దాని యాతన దానికుంది. మలుపులో వాలదు, ఒళ్ళే వాల్చాలి. రోడ్డు ఎటు ఏటవాలుంటే అటే గుంజుతుంది. అన్నిటికన్నా గుంత. పక్క చక్రాలు రెండూ గుంత అంచుల మీద నిలబడితే మధ్య చక్రం గాల్లో వేలాడుతుంది. ఇంజను గీపెడుతుంది, చక్రం తిరుగుతుంది, బండి ఇంచు కదలదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర వానలో అట్లా వేలాడుతూ ఎన్నిసార్లు “భయ్యా, జరా ధక్కా మారో” అన్నానో. ఎవరూ కాదనలేదు, ఆ మాట చెప్పాలి. పండ్ల బండి వదిలేసి వచ్చి నెట్టినవాళ్ళున్నారు.

లైసెన్సు ముచ్చట ఇంకోటి. అప్పటి మోటారు చట్టంలో మా బండికి ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ అని పేరు. లైసెన్సు మీదా అదే రాసిచ్చారు. ఒక కూడలిలో కానిస్టేబుల్ ఆపి, చదివి, “ఇన్‌వాలిడ్ అని సాఫ్‌గా రాసుంది, చెల్లని లైసెన్సు పెట్టుకొని ఎట్ల తిరుగుతున్నవ్?” అన్నాడు. ఆ ఇంగ్లీషు మాటకి నడవలేని మనిషి అన్న అర్థం కూడా ఉందని నడిరోడ్డు మీద చెప్పాల్సి వచ్చింది. ఆయన నమ్మలేదు. దిగి, కర్ర తీసి, రింగులు టక్కుమనిపించి చూపించాను. నమ్మాడు. వెనక హారన్లు మోగుతున్నాయి.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. సర్కారు ఉద్యోగాల్లో 3 శాతం మనవాళ్ళకన్నారు, తర్వాత 2016 చట్టంలో అది 4 అయింది. నాయిన పేపరు పట్టుకుని పరుగున వచ్చాడు. అప్పటికి నాకు ఇద్దరు కుర్రాళ్ళు పని నేర్చుకుంటున్నారు, సర్కారు కుర్చీ మీద మనసు లేకపోయింది. నా కళ్ళు ఆ చట్టంలో ఇంకోచోట పడ్డాయి. హిమాయత్‌నగర్ వకీలు సాబ్, రెండు మెట్ల బంగారం అన్నానే, ఆయన మెషీను బాగుచేస్తుంటే చదివి వినిపించాడు. సర్కారు భవనాల్లో ర్యాంపులు కట్టాలి, మరుగుదొడ్లు మార్చాలి అని ఉంది. నేను స్క్రూడ్రైవరు ఆపి విన్నాను. “ముందు ఒక ముక్క ఉందయ్యా” అన్నాడు వకీలు కళ్ళజోడు సవరించుకుంటూ, “ఆర్థిక స్తోమతకు, అభివృద్ధికి లోబడి అట.” సరే అని మళ్ళీ స్క్రూ బిగించాను.

ర్యాంపులు కట్టారు, కాదనను. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు ఉండాలన్నది లెక్క. నేను చూసిన వాటిలో చాలావరకు మూడడుగుల ఎత్తుని ఎనిమిదడుగుల్లో ముగించినవి, పైగా నున్నటి గ్రానైటు. పిల్లలు జారుడుబండ ఆడుకునేవాళ్ళు. నోటుబుక్కులో “ర్యాంపు ఉంది, మెట్లే నయం” అని రాసుకున్న ఆఫీసులు నాలుగున్నాయి.

1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి మా షాపులో ఎండాకాలపు మధ్యాహ్నం లాగా ఉండేది రోజంతా. ఆఫీసులవాళ్ళు మెషీన్లని కిలోల లెక్కన అమ్మేశారు. నేను పదేళ్ళు కాపాడిన ఒక గోద్రెజ్‌ని, కవాడీ వాడి తరాజులో చూశాను. ఎదురు పళ్ళెంలో రాళ్ళు. గోద్రెజ్ వాళ్ళు మన దేశంలో మెషీన్లు చేయడం మొదలుపెట్టింది 1955లో, ఆపింది 2009లో. నాకు కబురు మాత్రం 2011లో పేపర్లో తెలిసింది, చుట్టం చావు ఆలస్యంగా తెలిసినట్టు. ఉస్తాద్ అప్పటికే పోయాడు. ఆయన ఉన్నప్పుడు ఒకసారి కంప్యూటర్ విప్పి చూపిస్తే లోపలికి తొంగి చూసి, “ఇస్మే స్క్రూచ్ నై రే మున్షీ” అన్నాడు నిరాశగా, దీంట్లో స్క్రూలే లేవని. నేను డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకి మారాను. రిబ్బను ఉందన్న ఒక్క నమ్మకం మీద. తర్వాత లేజరు, టోనరు నింపడం. పనిలో ఒక్కటి మారలేదు. ప్రింటర్లు కూడా మూడో అంతస్తులోనే పెడతారు.

యాభై దాటాక భుజాలు పోయాయి. పోలియో వాళ్ళకి చాలా ఏళ్ళ తర్వాత ఇంకోసారి నీరసం మొదలవుతుందని, ఇన్నాళ్ళు రెట్టింపు పని చేసిన కండలు అలిసిపోతాయని డాక్టరు చెప్పాడు. ఒక కర్ర రెండయింది. కుడి చెయ్యి భుజం పైకి లేవదు, రెయిలింగ్ ఉన్నా మెట్లెక్కలేను. బయటి పని కుర్రాళ్ళకి అప్పజెప్పి నేను నిజంగానే కూర్చున్నాను. 2018లో మా వైపు మెట్రో వచ్చాక మాత్రం మళ్ళీ కాలు నిలవలేదు. మూసారంబాగ్ స్టేషనులో లిఫ్టెక్కి, రైలెక్కి, ఏ పనీ లేకుండా మియాపూర్ దాకా పోయి వచ్చాను మూడుసార్లు. నేను ఎక్కి దిగిన నాంపల్లి, లకడీకాపూల్, పంజాగుట్ట అన్నీ కిటికీలో కింద నుంచి పోయాయి. మొట్టమొదటిసారి హైదరాబాదుని పైనుంచి చూస్తూ, దానికి మెట్లెక్కకుండా.

పోయిన చలికాలం బ్యాంక్ స్ట్రీట్ ఆడిటర్ గారి అబ్బాయి ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆయనా ఆడిటరే. వాళ్ళ నాన్న రెమింగ్టన్‌ని ఆఫీసులో అద్దాల బీరువాలో పెడతాడట, అయితే మీటలు కదలాలని కోరిక. “అంకుల్, మన బిల్డింగుకి లిఫ్టు పెట్టించాం, మీరే రావాలి” అన్నాడు. మా ఆవిడ వద్దంది. సంచి దులిపి, టూత్ బ్రష్షు, చిన్న సీసాలో పెట్రోలు, కుట్టుమిషను నూనె, నోటుబుక్కు వేసుకుని ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషనులో దిగి ఆటో మాట్లాడుకున్నాను.

కొత్త రంగులేశారు బిల్డింగుకి. లిఫ్టు నిజంగానే ఉంది, అద్దం, లైటు, లోపల ఫ్యాను కూడా. లిఫ్టు ఉన్న అరుగు మాత్రం నేల మీద నుంచి ఐదు మెట్లు పైన ఉంది. సెల్లార్లోకి వాన నీళ్ళు రాకుండా ఎత్తు పెంచారట, వాచ్‌మన్ చెప్పాడు. “ఎత్తుకోమంటరా సార్?” అన్నాడు, వయసులో నాకన్నా పెద్దోడు.

ఆయన స్టూలు అడిగి తీసుకుని కూర్చున్నాను. నోటుబుక్కు తీసి, ఆ పాత పేజీ వెతికి, “31, రెయిలింగ్ లేదు, కిటికీ చువ్వలు పట్టుకోవచ్చు” అన్నది కొట్టేసి, కింద కొత్తగా రాశాను: “లిఫ్టు ఉంది. దాని ముందు 5. రెయిలింగ్ లేదు.”

మెషీను లిఫ్టులో కిందికి వచ్చింది. ఆ ఐదు మెట్లూ వాచ్‌మన్ మోసుకొచ్చాడు.